ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం నెట్ ఆగితే ఎంత నష్టం?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో అకౌంట్లు, జీఎస్టీ రిటర్నులు చూసే చిన్న ఆఫీసు నడుపుతున్నాను. ఐదుగురు ఉద్యోగులు, జీతాలకు నెలకు 90,000 రూపాయలు, ఏడాది వసూళ్లు సుమారు 32 లక్షలు. స్థానిక కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌కు నెలకు 600 కడుతున్నాం. పోయిన నెల 20వ తేదీన మూడు గంటలు నెట్ రాలేదు. ఒక కంపెనీ 300 ఎంబీపీఎస్ ఫైబర్ 1,500 రూపాయలకు, ఇంకొకరు 20 ఎంబీపీఎస్ లీజ్డ్ లైన్ (మా ఒక్కరికే కేటాయించే లైను) 9,000 రూపాయలకు ఇస్తామంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది వేగం తక్కువ కావడం కాదు, లైను పూర్తిగా ఆగిపోవడం. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, వేర్వేరు మందులు. 40 ఎంబీపీఎస్ స్థానంలో 300 తెచ్చుకున్నంత మాత్రాన తెగిన తీగ అతుక్కోదు.

ముందుగా ఒక గంట నెట్ ఆగితే మీకు ఎంత ఖర్చవుతుందో కాగితం మీద వేసుకుందాం. నెలకు 25 పనిదినాలు, రోజుకు 8 గంటలు అనుకుంటే 200 గంటలు. 90,000 జీతాలను వాటితో భాగిస్తే గంటకు 450 రూపాయలు. లీజ్డ్ లైనుకు మీరు చెల్లించే 9,000కూ, నేను కింద చెప్పబోయే రెండు మామూలు కనెక్షన్లకు అయ్యే సుమారు 1,600కూ మధ్య తేడా నెలకు 7,400. అంటే ఆ లీజ్డ్ లైను ప్రతి నెలా కనీసం 16 గంటల అంతరాయాన్ని తప్పించగలిగితేనే దాని ధర గిట్టుబాటవుతుంది. మీ ఆఫీసులో అంతసేపు నెట్ పోవడం లేదు కదా. లీజ్డ్ లైనును తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు; మీకు కేటాయించిన వేగాన్ని ఇంకెవరితోనూ పంచుకోనక్కరలేదు, అప్‌లోడ్, డౌన్‌లోడ్ వేగాలు సమానంగా ఉంటాయి, ఎంత సమయం లైను పనిచేస్తుందో రాతపూర్వకంగా హామీ ఇస్తారు. అయితే ఆ హామీ 99.5 శాతం అని ఉంటే, ఏడాదిలో దాదాపు 44 గంటలు ఆగినా కంపెనీ మాట తప్పినట్టు కాదని గమనించండి. మాట తప్పినప్పుడు కూడా సాధారణంగా బిల్లులో కొంత తగ్గిస్తారు తప్ప మీ క్లయింటుకు పడిన ఆలస్య రుసుము వాళ్లు భరించరు.

గంటకు 450 అన్నది సగటు లెక్క మాత్రమే. మీ వృత్తిలో గంటలన్నీ ఒక్కటి కావు. గడువు లేని రోజున ఒక పూట నెట్ పోతే మీ ఉద్యోగులు వోచర్లు సర్దుకుంటారు, అంతే. అదే 11న జీఎస్‌టీఆర్-1కో (అమ్మకాల వివరాల రిటర్ను), 20న 3బీకో (పన్ను కట్టే నెలవారీ రిటర్ను) గడువు ముగుస్తున్నప్పుడు పోతే, పన్ను ఉన్న ఒక్కో రిటర్నుకు రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, నగదుగా కట్టవలసిన పన్ను మీద ఏటా 18 శాతం వడ్డీ. నలభై మంది క్లయింట్లవి మిగిలిపోతే ఒక్క రోజుకే రుసుము 2,000. వాళ్లలో ఇద్దరు వేరే ఆఫీసుకు వెళ్లిపోతే పోయే ఫీజు దానికి ఎన్నో రెట్లు. కాబట్టి మీరు డబ్బు పెట్టవలసినది ఆ నాలుగైదు రోజుల్లో చేతిలో ఉండే రెండో దారి మీద. (20వ తేదీ సాయంత్రం జీఎస్టీ పోర్టలే నెమ్మదించిందనుకోండి, దానికి ఏ కనెక్షనూ మందు కాదు, 17కే పని మొదలుపెట్టడం ఒక్కటే మార్గం.)

ఇక వేగం విషయం. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. ఐదుగురు పోర్టల్, టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), మెయిల్ వాడుకోవడానికి అది ధారాళంగా సరిపోతుంది. 300 ఇస్తామన్న కంపెనీనే 100 ప్లాన్ అడగండి, వెయ్యి లోపు దొరకాలి. ప్రకటనల్లో ‘అప్ టు’ అన్న మాటను గట్టిగా చదవండి: మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2023 నుంచి ఉన్న కనీస వేగం 2 ఎంబీపీఎస్ మాత్రమే, అంతకుముందు అదీ లేదు, 512 కేబీపీఎస్.

రెండో కనెక్షనుగా ఇప్పుడున్న 600 రూపాయల కేబుల్ లైనునే ఉంచుకోవచ్చు, ఒక షరతు మీద. మేడ ఎక్కి చూడండి. కొత్త ఫైబరూ పాత కేబులూ ఒకే స్తంభం మీదుగా, ఒకే చెట్టు కొమ్మల్లోంచి వస్తుంటే, ఎత్తుగా గడ్డి వేసుకొచ్చే ఒక్క లారీ చాలు రెండింటినీ తెంపడానికి. మా ఆఫీసులో రెండేళ్లు రెండు బిల్లులు కట్టాక, ఒక ఉడత రెండు తీగల్నీ ఒకే రోజు కొరికినప్పుడు గానీ ఈ సంగతి నాకు తెలిసిరాలేదు. మీదీ అదే పరిస్థితి అయితే కేబుల్ మానేసి, గాలిలో వచ్చే 5జీ ఎయిర్‌ఫైబర్ తీసుకోండి. రెండు లైన్లనూ కలిపి, ఒకటి ఆగగానే రెండోదానికి మారే డ్యూయల్ వాన్ రౌటర్ అయిదారు వేలలో వస్తుంది.

పోయిన నెల నెట్ ఆగినప్పుడు గోడ మీది డబ్బాలో ఏ దీపం వెలిగిందో ఎవరైనా చూశారా? ఫైబర్ డబ్బాలో ‘లాస్’ (LOS, సిగ్నల్ రాలేదని చెప్పే) దీపం ఎర్రగా కొట్టుకుంటుంటే తీగ తెగినట్టు. దీపాలేవీ లేకపోతే కరెంటు సమస్య. కంప్యూటర్లకు యూపీఎస్ పెట్టి రౌటర్‌ను మాత్రం మామూలు ప్లగ్గుకు వదిలేసిన ఆఫీసులు నేను చాలా చూశాను. దానికి వేరే కనెక్షన్ అక్కరలేదు, చిన్న 12 వోల్టుల యూపీఎస్ చాలు.

పన్ను గురించి మీకు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే అయినా, ఒక మాట. బిల్లు మీద మీ జీఎస్‌టీఐఎన్ (జీఎస్టీ నమోదు సంఖ్య) ఉండి, ఆ బిల్లు 2బీలో (మీకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితాలో) కనిపిస్తేనే 18 శాతం పన్ను తిరిగి వస్తుంది. కేబుల్ ఆపరేటర్ చీటీతో రాదు. ఇక వసూళ్లలో సగం లాభంగా చూపే పద్ధతిలో మీరు ఆదాయపు పన్ను కడుతుంటే, ఈ ఖర్చును విడిగా తగ్గించుకునే వీలు లేదు గనుక ఆదా చేసిన ప్రతి రూపాయీ మీకు పూర్తిగా మిగులుతుంది.

పదకొండు నెలల సొమ్ము ఒకేసారి కడితే పన్నెండు నెలలు ఇస్తామని అంటారు. లెక్క కడితే అది మీ డబ్బు మీద ఏటా సుమారు 19 శాతం రాబడికి సమానం, ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్టూ అంత ఇవ్వదు. అయినా వెంటనే కట్టకండి. లైను నాలుగో నెలలో మొరాయిస్తే ఆ డబ్బు వెనక్కి రాదు. మూడు నెలలు నెలవారీగా కట్టి, మూడు ఇరవయ్యో తేదీలు గడిచాక ఏడాది ప్లానుకు మారండి. ఈలోగా రెండూ అమర్చుకున్న తరువాత ఒక ఆదివారం ఆఫీసుకు వెళ్లి, మొదటి లైను తీగను మీ చేత్తోనే పీకి, పోర్టల్ రెండోదాని మీద తెరుచుకుంటుందో లేదో చూడండి.