ఒకే డబ్బును మూడు చోట్ల లెక్కపెడితే

ప్రశ్న: నా వయసు 31. పెళ్లి కాలేదు, అమ్మ నా దగ్గరే ఉంటుంది. పదేళ్లుగా రాక్ క్లైంబింగ్ చేస్తున్నాను. ఎనిమిది మంది మిత్రులం కలిసి పాత ట్రక్కు ఒకటి కొని, గ్రీస్‌లోని కాలిమ్నోస్‌లో మొదలుపెట్టి టర్కీ, జార్జియా, ఆర్మీనియా మీదుగా ఇరాన్‌లోని బీసొతూన్ కొండ దాకా నాలుగు నెలలు ఎక్కుతూ తిరగాలనుకుంటున్నాం. ఆఫీసులో జీతం లేని సెలవు ఇచ్చారు. నా వాటా ఖర్చు నాలుగు నెలల జీతమంత అవుతుంది. పర్సనల్ లోన్ తీసుకుంటే మూడేళ్ల వాయిదాకు ఈఎంఐ జీతంలో ఏడో వంతే. అది మంచిదా, క్రెడిట్ కార్డు మీద వాడుకుని వాయిదాలుగా మార్చుకోవడం మంచిదా? ఐదు నెలల ఖర్చులకు సరిపడా ఎఫ్‌డీ ఉంది. ట్రక్కు, దాన్ని సరిహద్దులు దాటించడానికి కావాల్సిన కస్టమ్స్ పత్రం (కార్నే) నా పేరు మీదే కాబట్టి హామీగా ఆ ఎఫ్‌డీ పెడుతున్నాను, తిరిగి వచ్చాక విడిపిస్తారు. నేను లేనప్పుడు ఇంటి ఖర్చులకు అమ్మకూ అందులోంచే ఏర్పాటు చేస్తాను. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటాం. ఏదైనా జరిగితే ఎఫ్‌డీ ఎలాగూ ఉంది.
(పేరు వద్దన్నారు)

జవాబు: అడిగినదానికి ముందు చెప్పేస్తాను. రెండూ వద్దు. ఏ అప్పు చవక అన్న చర్చలోకి నేను దిగను.

మీ ఉత్తరాన్ని పక్కన పెట్టలేకపోయింది చివరి వాక్యం వల్ల. 'ఏదైనా జరిగితే ఎఫ్‌డీ ఎలాగూ ఉంది.' ఎక్కడుందండీ? మూడు వాక్యాల ముందే దాన్ని కార్నేకు హామీగా పెట్టేశారు. తర్వాతి వాక్యంలో అమ్మగారి ఖర్చులకు ఇచ్చేశారు. ఇప్పుడు మళ్లీ ఆపదకు అదే అంటున్నారు. ఉన్నది ఐదు నెలల డబ్బు, మీ కాగితం మీద మాత్రం అది పదిహేను నెలలంత కనిపిస్తోంది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది చేసే పొరపాటు ఇదే. ఇల్లు కొనేవాళ్లు, వ్యాపారం పెట్టేవాళ్లు, కొండలెక్కేవాళ్లు, అందరిదీ ఒకటే లెక్క. తనఖాలో ఉన్న డబ్బు మీ పేరు మీదే ఉంటుంది, వడ్డీ కూడా వస్తూంటుంది. అర్ధరాత్రి అవసరం పడితే మాత్రం చేతికి రాదు. అలాంటిదాన్ని అత్యవసర నిధి అనకూడదు.

తాడును రాతికి తగిలించే యాంకర్‌కు రెండు బోల్టులు ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు, ఒకటి ఊడినా రెండోది పట్టుకోవడానికే. రాయి మీద అంత జాగ్రత్తగా ఉండే మనిషి, డబ్బు దగ్గరకు వచ్చేసరికి ఒకే బోల్టుకు మూడు తాళ్లు తగిలించారు.

కార్నే సంగతి కాస్త వివరంగా చెప్పాలి. దాన్ని మీరు వీసాలాంటి కాగితం అనుకుంటున్నట్టున్నారు. 'ఈ బండిని మా దేశంలో అమ్ముకోకుండా తిరిగి తీసుకెళ్లిపోతాడు' అని కస్టమ్స్‌కు ఆటోమొబైల్ క్లబ్బు ఇచ్చే పూచీ అది. ఆ క్లబ్బుకు పూచీ మీరు. ప్రతి పేజీ మూడు ముక్కలుగా ఉంటుంది. దేశంలోకి వెళ్లేటప్పుడు కింది ముక్క చించుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్క. పై ముక్క మీద రెండు ముద్రలూ పడి మీ దగ్గరే మిగలాలి. బయటికి వచ్చిన ముద్ర పడలేదా, బండిని అక్కడే అమ్మేశారన్న లెక్కలో సుంకం కట్టమంటారు. ఆ సుంకం మీ పాత ట్రక్కు ధర కంటే ఎక్కువ కావచ్చు. దారిలో ఇంజను కూలిపోయి బండిని వదిలేయాల్సి వచ్చినా ఇదే తంతు. అప్పుడు పోయేది మీ ఎఫ్‌డీ. మిగతా ఏడుగురూ మీ భుజం తట్టి ఇంటికెళ్తారు. వాళ్లు మంచివాళ్లు కాదని నేననడం లేదు. రాసుకున్న కాగితం లేనప్పుడు మంచితనానికి ఎంత వాటా వస్తుందో ఎవరికీ తెలియదు, అంతే.

ఇంకో చిక్కుంది. టర్కీలో బండిని తెచ్చినవాడి పేరు మీద నమోదు చేస్తారు. దాన్ని అక్కడే వదిలి ఆ మనిషి ఒక్కడే దేశం దాటడం అంత తేలిక కాదు. ఇప్పుడు ఆ ఎనిమిది మందిలో కాలు విరిగింది మీకే అనుకోండి. స్ట్రెచర్ మీద విమానం ఎక్కాల్సింది మీరు, ట్రక్కు పక్కన ఉండాల్సింది కూడా మీరే.

కాలు విరగడం ఊహ కాదు. నా క్లయింటు ఒకతను ఇలాగే మిత్రులతో వెళ్లాడు. లీడ్ చేస్తూ, అంటే అందరికంటే ముందు ఎక్కుతూ తాడును బోల్టులకు తగిలించుకుంటూ, మూడో బోల్టు దాటాక జారాడు. రోప్ పట్టింది గానీ, అప్పటికే అతని మడమ, కింద పొడుచుకొచ్చిన రాతి అంచుకు గట్టిగా తగిలింది. చీలమండలో రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రి కౌంటర్ దగ్గర మొదట అడిగింది డిపాజిట్, పాలసీ కాగితం ఆ తర్వాత. హెల్ప్‌లైన్ వాళ్లు రిపోర్టులు పంపమన్నారు, ఆమోదం వచ్చాక చూస్తామన్నారు. ఆ రోజు శనివారం. కార్డు గీస్తే పరిమితి దాటిపోయిందని వచ్చింది. ముందురోజే అందరి ఫెర్రీ టికెట్లు, ట్రక్కు డీజిలు అతని కార్డు మీదే కొన్నారు, 'తర్వాత సర్దుకుందాం' అని. చివరికి ఇంటి దగ్గర తమ్ముడు ఎవరినో నిద్రలేపి చేబదులు తీసుకుని పంపాడు. బీమా డబ్బు వచ్చింది, రాలేదని కాదు. పదకొండు వారాలకు వచ్చింది. బీమా ఉన్నా చేతిలో నగదు ఉండాలని నేను పదేపదే విసిగించేది అందుకే. 'ఇన్సూరెన్స్ ఉందిగా' అనేవాళ్లు ఈ పదకొండు వారాలను లెక్కలో వేసుకోరు.

అసలు మీరు తీసుకోబోయే పాలసీ మీకు వర్తిస్తుందా? మామూలు ట్రావెల్ పాలసీల్లో మినహాయింపుల పేజీ తీయండి. తాళ్లు గానీ గైడు గానీ అవసరమయ్యే క్లైంబింగ్‌కు వర్తించదని చాలా వాటిలో ఉంటుంది. సాహస క్రీడల యాడ్ ఆన్ తీసుకున్నా ఎత్తు పరిమితి చూడండి. టర్కీలో అలాదాగ్లర్ పర్వతాలు కూడా మీ దారిలో ఉంటే, అక్కడి దెమిర్‌కాజిక్ శిఖరం 3,700 మీటర్లు దాటుతుంది. మూడు వేల మీటర్ల దగ్గర ఆగిపోయే పాలసీ అక్కడ ఎందుకూ కొరగాదు. రెస్క్యూ, ఎవాక్యుయేషన్ ఒకటి కాదని గుర్తుంచుకోండి. కొండ మీద నుంచి కిందికి దించేది మొదటిది, ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికో ఇంటికో చేర్చేది రెండోది. రెండోది ఉండి మొదటిది లేని పాలసీలున్నాయి. కాలిమ్నోస్ అంటే ద్వీపం, పెద్ద గాయమైతే సముద్రం దాటించాలి. ఆస్ట్రియన్ ఆల్పైన్ క్లబ్ సభ్యత్వంతో రెస్క్యూకు 25,000 యూరోల వరకు కవర్ వస్తుంది, క్లైంబర్లు చాలామంది దాని కోసమే చేరతారు. కానీ అది విదేశీ ప్రయాణంలో మొదటి 8 వారాలకే. మీది నాలుగు నెలలు. ఏడాది పొడవునా వర్తించే పాలసీల్లోనూ ఒక్కో ప్రయాణానికి రోజుల పరిమితి ఉంటుంది. ఇక ఇరాన్. ప్రభుత్వం వెళ్లొద్దని హెచ్చరించిన దేశంలో చాలా పాలసీలు చెల్లవు. బయల్దేరే వారంలో ఆ హెచ్చరిక ఉందో లేదో చూసుకోవాల్సింది మీరే, ఏజెంటు చూడడు.

ఇప్పుడు మీ ముద్దుల ఈఎంఐ. 'జీతంలో ఏడో వంతే' అన్నారు. ముప్ఫై ఆరు వాయిదాలు కట్టాక తేలేది ఐదు నెలల జీతం పైమాటే. తీసుకున్నది నాలుగు. పైగా మొదటి నాలుగు వాయిదాలు జీతం లేని నెలల్లో పడతాయి. అవి ఎక్కడి నుంచి కడతారు? అప్పుగా తెచ్చిన డబ్బులోంచే. అంటే ప్రయాణం కోసం తెచ్చినదాంట్లో సగం నెల జీతానికి పైగా తిరిగి బ్యాంకుకే పోతుంది. కొండ దిగిన మూడేళ్ల దాకా నెలనెలా కడుతూ ఉండే ప్రయాణం నాకు అర్థం కాదు, క్షమించండి. క్రెడిట్ కార్డు మార్గం ఇంకా అధ్వాన్నం. ఆపద వస్తే గీయాల్సిన కార్డును బయల్దేరే ముందే నింపేస్తారు.

నేనైతే ముందు ఇరాన్‌ను తీసేస్తాను. గ్రీస్, టర్కీ, జార్జియా, ఆర్మీనియాలకు కార్నే అక్కర్లేదు, మీ పట్టికలో అది తప్పనిసరి అయ్యేది ఇరాన్‌కే. ఆ ఒక్క దేశం కోసం మీ ఎఫ్‌డీ మొత్తం తాళం వేసుకుంటున్నారు. బీసొతూన్ చూడకుండా ఉండలేమంటే, పరిస్థితులు బాగున్న ఏడాది ట్రక్కు లేకుండా బస్సులో వెళ్లండి. జార్జియాలోకి విదేశీ బండి తీసుకెళ్తే థర్డ్ పార్టీ బీమా విడిగా కొనాలి, అది చిన్న ఖర్చే.

తర్వాత నాలుగు నెలలను ఏడు వారాలకు కుదించండి. అక్టోబరు, నవంబరుల్లో కాలిమ్నోస్, టర్కీలో అంతల్యా దగ్గరి గెయిక్‌బాయిరీ రెండూ ఎక్కడానికి వీలుగా ఉంటాయి. ఎండాకాలంలో అక్కడి సున్నపురాయి మీద చెయ్యి పెట్టలేరని మీకు తెలిసే ఉంటుంది. ఏడు వారాలకు మీ వాటా రెండు నెలల జీతం లోపే తేలుతుంది. జీతంలో నాలుగో వంతు పక్కన పెడితే ఎనిమిది నెలల పని, అప్పు ఊసే లేదు. ఎనిమిది వారాల కవర్‌లో కూడా ఇమిడిపోతుంది.

అత్యవసర నిధి మాత్రం ఐదు నెలలు చాలదు. మీ మీద ఆధారపడిన తల్లి ఉన్నారు కాబట్టి ఆరు నెలల ఖర్చులు, దానిమీద జీతం రాని నెలలు ఎన్నో అన్ని. ఏడు వారాలకు రెండు వేసుకోండి, మొత్తం ఎనిమిది. ఇందులో అమ్మగారి రెండు నెలలను ముందే విడదీసి, ఆవిడ సొంతంగా తీసుకోగలిగే ఖాతాలో వేయండి. మిగిలినదాంట్లో ఒక నెల ఖర్చంత మీ వెంట వచ్చే కార్డుకు కట్టిన ఖాతాలో ఉండాలి. డీజిలుకు వాడే కార్డు అది కాకూడదు. మిగతాది ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి, ఎవరికీ హామీ పెట్టకుండా. ఈ మూడు నెలల లోటు కూడా పూడ్చాలంటే వచ్చే అక్టోబరుకు కుదరకపోవచ్చు. కుదరకపోతే ఆ పై ఏడాది వెళ్లండి. కాలిమ్నోస్‌లో 1990ల నుంచీ ఎక్కుతున్నారు, మీకూ రూట్లు మిగులుతాయి.

ట్రక్కును ఎనిమిది మంది కొంటున్నప్పుడు నష్టం కూడా ఎనిమిది వాటాలని రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. బయల్దేరే ముందే తలా ఇంత ఉమ్మడి ఖాతాలో వేయించండి, డీజిలు, ఫెర్రీ, రిపేర్లు అందులోంచే. అద్దె వ్యాను దొరికితే ట్రక్కు ఆలోచనే మానుకోండి. నెలనెలా ఫండ్లలో వేసేది ఏమైనా ఉంటే కొన్నాళ్లు ప్రయాణానికి మళ్లించుకోవచ్చు, పదవీ విరమణ కోసం దాచేది మాత్రం వద్దు. జీతం లేని సెలవులో ఆఫీసు ఆరోగ్య బీమా కొనసాగుతుందో లేదో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో కాదు.

ట్రక్కుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఈ లెక్కంతా మిగతా ఏడుగురికీ పంపించండి. నష్టాన్ని ఎనిమిది వాటాలు వేసే కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరైనా నసిగితే, ఆ అడ్వాన్సు మీ జేబులోనే ఉంచుకోండి.