అమాల్ఫీ తీరానికి అమ్మతో వెళ్తున్న అమ్మాయికి

చిన్నీ,

మే నెలలో మీ అమ్మని తీసుకుని ఇటలీ గ్రూప్ టూర్‌కి వెళ్తున్నావనీ, అందులో ఒక రోజు అమాల్ఫీ తీరం ఉందనీ మీ పెదనాన్న చెప్పారు. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను. నేను అక్కడికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి బస్సులో కూర్చోవడం తప్ప పెద్దగా చూసిందేమీ లేదు. రెండోసారికి కాస్త తెలివొచ్చింది.

ముందు ఆ టూర్ కాగితం తీసి నిదానంగా చదువు. పొజిటానో, అమాల్ఫీ, రవెల్లో అని మూడు ఊళ్ల పేర్లూ ఒకే వరసలో ఉంటాయి. వాటిలో ఎక్కడ దింపుతారు, ఎంతసేపు వదులుతారు, ఏది కిటికీలోంచి చూపించి పోనిస్తారు అని ఏజెంటుని అడుగు. నా మొదటి ట్రిప్పులో పొజిటానో అంటే కొండ మలుపులో పది నిమిషాలు బస్సు ఆపి, ‘అదిగో పొజిటానో, ఫోటోలు దిగండి’ అన్నారు. కాగితం మీద రాసింది అబద్ధం అనడానికి లేదు, ఊరు కనిపించింది కదా!

ఇక రోడ్డు సంగతి. అక్కడ ఏ ప్లానైనా ఆ రోడ్డు చెప్పినట్టే నడుస్తుంది. కొండని తొలిచి 19వ శతాబ్దంలో వేసిన దారి అది. పొడవు దాదాపు యాభై కిలోమీటర్లే, కానీ గంటల లెక్కన చూసుకోవాలి. ఒక పక్క బండరాయి, ఇంకో పక్క గోడ, గోడకి అవతల లోతున సముద్రం. మరీ పొడుగు బస్సుల్ని రానివ్వరు కాబట్టి గ్రూపుల్ని చిన్న బస్సుల్లోకి మారుస్తారు. అవి కూడా ఎదురెదురు పడితే చూడాలి తమాషా. మా డ్రైవర్ అద్దం మడిచి, బస్సుని అంగుళం అంగుళం వెనక్కి పోనిచ్చి, గోడకి ఆనించినంత పని చేశాడు. అవతలి బస్సు మా కిటికీ పక్కగా జారిపోతుంటే అందులో కూర్చున్నావిడ మెడలో గొలుసు డిజైను కూడా కనపడింది నాకు. డ్రైవర్లిద్దరూ మాత్రం ఏమీ జరగనట్టు కబుర్లు చెప్పుకుని వెళ్లిపోయారు.

పడమటి వైపున్న సొరెంటో ఊరి నుంచి వెళ్తే సముద్రం కుడి చేతి వైపు ఉంటుంది. అక్కడ డ్రైవర్ ఎడమ పక్క కూర్చుంటాడు, కాబట్టి డ్రైవర్ వైపు కాకుండా రెండో వైపు సీట్లు పట్టుకోండి. తూర్పు వైపున్న సలెర్నో ఊరి నుంచి వస్తే దీనికి రివర్స్. మీ అమ్మకి ఘాట్ రోడ్డంటే కడుపులో తిప్పుతుంది కదా, కిటికీ కన్నా ముందు సీటు ముఖ్యం. డాక్టర్ని అడిగి మాత్ర దగ్గర పెట్టుకో. తిప్పడం మొదలయ్యాక వేస్తే లాభం లేదు, బస్సెక్కే ముందే వెయ్యాలి.

నా మాట వింటే, ఒక వైపు ప్రయాణమైనా పడవలో ఉండేలా చూసుకో. ఆ రోడ్డు వెయ్యకముందు ఈ ఊళ్లకి పడవలూ, కంచరగాడిదల దారులే దిక్కు. అమాల్ఫీ ఒకప్పుడు సొంతంగా ఓడల వ్యాపారం చేసుకున్న రాజ్యం. అందుకే ఊళ్లన్నీ సముద్రం వైపు మొహం పెట్టుకుని ఉంటాయి. బస్సులోంచి చూస్తే మనకి కనిపించేది వాటి వీపు! పడవలోంచి చూస్తే ఒక ఇంటి నెత్తిన ఇంకో ఇల్లు, మధ్యలో మెట్లు మెట్లుగా నిమ్మతోటలు. పడవలు దాదాపు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా నడుస్తాయి. అలలు ఎక్కువుంటే ఆపేస్తారు. మా గ్రూపుకి అలాగే ఆగిపోతే, మా టూర్ మేనేజర్ దగ్గర రెండో ప్లాన్ లేక మూడు గంటలు రేవులో కూర్చోబెట్టాడు. పడవ ఆగితే ఏం చేస్తారో ముందే కనుక్కో.

కాప్రీ దీవిలో నీలిగుహ చూపిస్తామని విడిగా డబ్బు అడుగుతారు. ఆ గుహ నోరు నీటి పైన ఒక మీటరుంటే ఎక్కువ. చిన్న పడవలో వెల్లకిలా పడుకుంటేనే లోపలికి వెళ్లగలం. కాస్త అలలున్నా మూసేస్తారు. నువ్వు వెళ్లు, మీ అమ్మతో చేయించకు. ముందుగా డబ్బు కట్టాల్సి వస్తే, మూసేసిన రోజు వెనక్కిస్తారో లేదో అడుగు.

మెట్లు! అమాల్ఫీ చర్చి ముందే 62 మెట్లు. చర్చి ఎదురుగా చౌకులో కూర్చుని చూసినా ఆ నల్లటి, తెల్లటి చారల ముఖభాగం బ్రహ్మాండంగా ఉంటుంది, పైకెక్కలేదని బాధ పడనక్కర్లేదు. నువ్వు ఎక్కి లోపలికి వెళ్లేటట్టయితే భుజాలు కప్పుకో. పొజిటానో అయితే ఊరంతా మెట్లే, దిగడం బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే రవెల్లో అను. సముద్రానికి మూడొందల యాభై మీటర్ల పైన ఉంటుంది కానీ బస్సు పైదాకా వెళ్తుంది, పైన చౌకు చదునుగా ఉంటుంది. అక్కడ విల్లా రుఫోలో అనే పాత భవనం తోటలో మీ అమ్మని కూర్చోబెట్టు. 1880లో వాగ్నర్ అనే జర్మన్ సంగీతకారుడు ఆ తోట చూసి, తన సంగీత నాటకంలో ఉన్న మాయా తోట దొరికిందని మురిసిపోయాడట. మీ అమ్మకి వాగ్నర్ అక్కర్లేదనుకో, నీడా బెంచీ చాలు.

మీ అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి టూర్ మేనేజర్‌కి మొదటి రోజే చెప్పు, పక్కకి పిలిచి. అందరి ముందూ చెబితే మీ అమ్మ పౌరుషానికి పోయి అందరికన్నా ముందు నడుస్తుంది.

తిండి విషయంలో ఒకటే జాగ్రత్త. దగ్గర్లోని చెతారా ఊళ్లో ఆంకోవీ చేపల నుంచి తీసిన రసాన్ని నూడుల్స్‌లో కలుపుతారు. చేప ముక్క కనిపించదు కాబట్టి శాకాహారమే అనుకుంటాం. అడిగి తినండి. బిల్లులో ‘కొపెర్తో’ అని మనిషికింత వేస్తారు, అది కూర్చున్నందుకు, గొడవ పడకు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక. బాత్రూములకి యూరో చిల్లర జేబులో ఉంచుకో.

నిమ్మకాయ మద్యం షాపు దగ్గరో, పింగాణీ షాపు దగ్గరో తప్పకుండా ఆపుతారు. అవి మీ ఫ్రీ టైములోంచి పోయే నిమిషాలే. కొనేది లేకపోతే బయట నీడలో నిలబడండి, ఎవరూ ఏమీ అనరు.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. మోకాళ్ల గురించి ఇంత రాశానని నెల రోజులు నాతో మాట్లాడదు.

మీ పెద్దమ్మ