ఆసుపత్రి రికార్డు ప్రమాణాలన్నీ పాటించినా పేషెంట్లు పోర్టల్ (తమ రిపోర్టులు చూసుకునే వెబ్‌సైటు) ఎందుకు తెరవరు?

సాధారణంగా డేటా ఎక్కించిన తీరులోనే లోపం ఉంటుంది. ల్యాబ్ రిపోర్టును పీడీఎఫ్‌గా అంటిస్తే రికార్డు ఉన్నట్టే కానీ, కంప్యూటర్‌కు అందులో అంకెలు కనపడవు. గ్రాఫ్ గీయలేదు, హెచ్చరిక పంపలేదు.

సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఫలితాన్నే తీసుకోండి. ఆరోగ్య డేటా ప్రమాణాలు రూపొందించే హెచ్ఎల్7 సంస్థ వారి ఫైర్ (FHIR) ప్రమాణంలో అది ‘అబ్జర్వేషన్’గా వెళ్లాలి: లోయింక్ (ల్యాబ్ పరీక్షల ఉమ్మడి కోడ్‌ల జాబితా) కోడ్ 4548-4, విలువ, యూనిట్, శాంపిల్ తీసిన తేదీ. ఒక్కో ల్యాబ్ ఒక్కో పేరు రాసినా కోడ్ ఒకటే కాబట్టి పాతవీ కొత్తవీ ఒకే గీత మీదకొస్తాయి. యూనిట్ మాత్రం వదలకండి. గ్లూకోజ్ 126 మిల్లీగ్రాములు/డెసిలీటర్ అన్నా, 7.0 మిల్లీమోల్/లీటర్ అన్నా ఒకటే. యూనిట్ లేకుండా రెండూ ఒకే గ్రాఫ్‌లో పడితే షుగర్ పాతాళానికి పోయినట్టు కనిపిస్తుంది!

ఇక పేషెంటు వైపు. పోర్టల్ రిజిస్ట్రేషన్ డిశ్చార్జికి ముందే, కౌంటర్ దగ్గరే, వాళ్ల ఫోన్‌లోనే చేయించండి; ఇంటికెళ్లి చేసుకోమంటే చాలామంది చేసుకోరు. ఫలితం పక్కన వాళ్ల భాషలో ఒక వాక్యం ఉండాలి. మెసేజ్‌లకు ఎవరు, ఎంతసేపట్లో జవాబిస్తారో ముందే తేల్చండి. రెండుసార్లు జవాబు రాకపోతే మూడోసారి నేరుగా ఫోనే చేస్తారు.

ముసలివాళ్ల ఖాతాను పిల్లలే చూస్తుంటారు. పాస్‌వర్డ్ పంచుకోనివ్వకుండా, విడిగా ప్రాక్సీ లాగిన్ (వాళ్ల తరఫున చూసేవారికి సొంత లాగిన్) ఇవ్వండి. లేదంటే ఏ రికార్డు ఎవరు తెరిచారో చెప్పే ఆడిట్ లాగ్‌కు అర్థమే ఉండదు.