ఫైనలియర్ ప్రాజెక్ట్ బ్యాచ్‌లో రోజూ గొడవలే, బ్యాచ్ మార్చుకోవాలా?

రోల్ నంబర్ల వరసలో నలుగురిని ఒక బ్యాచ్ చేశారు, రెండో నెలకే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు, హెచ్‌ఓడీని అడిగి బ్యాచ్ మార్పించుకోనా అని అడిగారు. ఫస్ట్ రివ్యూ, అంటే పని ఎంతవరకు వచ్చిందో గైడ్ లెక్చరర్ చూసే రోజు, అయ్యేదాకా ఆగమనే చెప్తాను.

మాదీ రోల్ నంబర్ల బ్యాచే, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) బ్రాంచ్. నేలలో తడి చూసి మోటార్ వేసే సిస్టమ్ మా ప్రాజెక్ట్. మొదట్లో అంతా మర్యాదే. "నీ ఇష్టం", "నువ్వెలా అంటే అలా". వాట్సాప్ గ్రూప్‌కి పేరు, డీపీ కుదిరాయి గానీ పని కదల్లేదు. తర్వాత మొదలయ్యాయి గొడవలు. హాస్టల్ వాళ్లు రాత్రి కూర్చుందామంటారు, కాలేజీ బస్సు ఎక్కేవాళ్లకి కుదరదు. కోడ్ రాసేవాడి లెక్కలో డాక్యుమెంటేషన్ అసలు పనే కాదు. ఇంకొకడైతే అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్ట్ కొనేద్దామన్నాడు. (ఆ ఆలోచన రాని బ్యాచ్ ఉంటుందా!)

టీమ్ అంటే ముందు కలవడం, తర్వాత గొడవలు, తర్వాత సర్దుకోవడం, చివరికి పని అని సైకాలజిస్ట్ బ్రూస్ టక్‌మన్ 1965లో చెప్పిన ఫార్మింగ్, స్టార్మింగ్, నార్మింగ్, పర్ఫార్మింగ్ మీరు చదివే ఉంటారు. పరీక్షలో రాయడానికి బాగుంటుంది. మా బ్యాచ్‌కి మాత్రం టీమ్‌ల మీద పరిశోధన చేసిన కోనీ గెర్సిక్ 1988లో రాసిందే సరిపోయింది. ఆమె ఎనిమిది టీమ్‌లను మొదటి నుంచి చివరిదాకా గమనించింది, వాటిలో విద్యార్థులవీ ఉన్నాయి. కొన్నింటికి రోజుల గడువు, కొన్నింటికి నెలలు. అయినా దాదాపు అన్నీ గడువులో సగం గడిచాకే ఒక్కసారిగా పద్ధతి మార్చుకున్నాయి.

మాకు ఆ సగం ఫస్ట్ రివ్యూ దగ్గర వచ్చింది. ల్యాబ్‌లో బోర్డుకి పవర్ ఇవ్వగానే పంపు తిరుగుతోంది. కోడ్‌లో ఆఫ్ అని ఉంది, అయినా తిరుగుతోంది. కోడ్ రాసినవాడు వైరింగ్ అంటాడు, వైరింగ్ చేసినవాడు కోడ్ అంటాడు. రిపోర్ట్ రాస్తున్న అమ్మాయి అప్పటికే రిలే మాడ్యూల్ (పంపుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వివరాలు చదివి ఉంది. "ఇది 'లో' ట్రిగ్గర్ రా, బోర్డు పిన్ 'లో' అయితేనే, అంటే వోల్టేజీ తగ్గితేనే, రిలే ఆన్ అవుతుంది" అంది. కోడ్‌లో 'హై', 'లో' తారుమారు చేస్తే పంపు ఆగింది. ఆ రోజు నుంచి డాక్యుమెంటేషన్ మీద జోకులు ఆగిపోయాయి. సెన్సర్ కాళ్లు తుప్పు పట్టినప్పుడు కూడా ముందు ఆమెనే అడిగారు. దానికి ఎప్పుడూ పవర్ ఇచ్చి ఉంచొద్దు, రీడింగ్ తీసుకునేటప్పుడే ఇవ్వాలి అని తేలింది. కూర్చునే టైమ్ కూడా రాత్రి నుంచి లంచ్ బ్రేక్‌కి మారింది.

అందుకే మీరు ఇప్పుడు స్నేహం కుదర్చాలని చూడకండి. రివ్యూకి చిన్నదైనా పనిచేసే డెమో ఒకటి పెట్టుకోండి, అందులో నలుగురి చెయ్యీ పడాలి. రివ్యూ అయిన రోజే, గైడ్ అన్న మాటలు మర్చిపోకముందే, పనులన్నీ మళ్లీ పంచుకోండి. ప్రతి పని పక్కన ఒక్క పేరే రాయండి, ఇద్దరి పేర్లు రాస్తే ఎవరూ చెయ్యరు.

రివ్యూ తర్వాత కూడా ఒకరు అసలు రాకపోతే పనులు, పేర్లు రాసుకున్న ఆ కాగితం గైడ్‌కి చూపించండి. బూతులు, వేధింపులు ఉంటే మాత్రం ఏ రివ్యూ కోసమూ ఆగొద్దు, ఇవాళే చెప్పండి.