పాఠకుల ప్రశ్నలు: కథ, పద్యం, ముఖచిత్రం – ఏఐకి ఏ పని అప్పగించాలి?

ప్రశ్న: కథకు విషయం చెప్పి రాసిమ్మంటే ఏఐ ఇచ్చిన తెలుగు పరాయిగా ఉంటోంది. సరిచేయమని నా కథ ఇస్తే యాసంతా పోయింది. వాడే పద్ధతి ఏమైనా ఉందా? (సూర్యాపేట)

జవాబు: ఈ యంత్రాలు చదువుకున్న వాటిలో ఇంగ్లీషు కొండంత, తెలుగు పిడికెడు. అందుకే అక్షరాలు తెలుగువైనా వాక్యం నడక ఇంగ్లీషుది. ‘ఆమె ఒక లోతైన శ్వాస తీసుకుని తన కన్నీళ్లను తన చేతులతో తుడుచుకుంది’ అని రాస్తుంది. మనమైతే ‘నిట్టూర్చి కళ్లు తుడుచుకుంది’ అంటాం. ప్రతి నామవాచకం ముందూ ‘ఒక’, అడుగడుగునా ‘తన’, ‘చెప్పబడింది, చూడబడింది’ లాంటి క్రియలు, చివర్లో ‘ఆ క్షణాన ఆమెకు అర్థమైంది’ అనే ముగింపు కనిపిస్తే అది యంత్రపు చేతిరాతే. వీటిని దిద్దుతూ కూర్చోవడం కంటే మీరు మొదట్నుంచీ రాసుకోవడమే తేలిక.

కాబట్టి రాయమనకండి, చదవమనండి. కథ పూర్తయ్యాక మొదట పట్టిక వేయించండి: ఏ సన్నివేశం ఏ రోజు, ఏ వేళ జరిగింది, అక్కడ ఎవరున్నారు, ఎవరికి ఏ సంగతి తెలుసు. ఈ పని అది బాగా చేస్తుంది. మొదటి పేజీలో నాట్లు వేసి, మూడో పేజీలో ‘వారం తిరక్కుండానే’ కోతలు పెట్టి ఉంటే ఆ పట్టికలో ఇట్టే దొరికిపోతుంది. ఆ తర్వాత ఇలా అడగండి: ‘ఒక్క వాక్యమూ తిరగరాయొద్దు. మెచ్చుకోవద్దు. చదవడం ఆపేయాలనిపించిన మూడు చోట్లు చెప్పు. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చూపించి, ఎందుకో ఒక్క ముక్కలో చెప్పు.’ మెచ్చుకోవద్దని చెప్పకపోతే సగం జవాబు పొగడ్తలకే పోతుంది. అది చూపిన వాక్యం మీ కథలో నిజంగా ఉందో లేదో వెతికి చూసుకోండి. లేని వాక్యాన్ని ఉన్నట్టు చూపించడం దానికి అలవాటే. కథ పెద్దదైతే నాలుగైదు పేజీల చొప్పున ఇవ్వండి, ఒకేసారి అంతా ఇస్తే నడిమి భాగాన్ని పైపైన చూసి వదిలేస్తుంది.

ఇక యాస. ‘తప్పులు దిద్దు’ అని మొత్తం కథ అప్పగిస్తే ‘చేసిన్రు’ కాస్తా ‘చేశారు’ అవుతుంది, ‘వస్తడు’కు దీర్ఘం వచ్చి పడుతుంది. పోనీ యాసలో రాయమంటే ‘ఏందిరా, ఎక్కడికి వెళ్తున్నావు’ అని రెండు జిల్లాలు కలిపి వడ్డిస్తుంది. అందుకని దిద్దిన కథ అడగొద్దు, ఎడమవైపు మీ మాట, కుడివైపు దాని సూచన ఉండే జాబితా అడగండి. ‘సంభాషణల జోలికి పోవద్దు’ అని ముందే చెప్పండి. జాబితాలోంచి ఏరుకుని మీ చేత్తో మీరే దిద్దుకోండి. మీ ఊరి మాట మీరు రాస్తేనే దక్కుతుంది, దాన్ని ఏ యంత్రం చేతిలోనూ పెట్టకండి.

ప్రశ్న: ఆటవెలది పద్యం అడిగితే నాలుగు పాదాలు చకచకా ఇస్తుంది. గణాలు చూస్తే ఒక్కటీ కుదరదు. ఎందుకిలా? (తెనాలి)

జవాబు: అది అక్షరాలు చూడదు కాబట్టి. మనకు ‘స్త్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటరు దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది, అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. ఏఐ వాటిని మళ్లీ తనకు తోచిన ముక్కలుగా విరుచుకుని చదువుతుంది. ఆ ముక్కల అంచులు మన అక్షరాల అంచులతో కలవవు. అలాంటప్పుడు ఏది గురువో (పొడుగుగా పలికే అక్షరం) ఏది లఘువో (పొట్టిగా పలికేది) ఎలా లెక్కేస్తుంది?

ఒక పాదం తీసుకుందాం. ఆటవెలది మొదటి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వని పొత్తు.

వాన / కురిసె / నేడు / పల్లెపై / నిండుగా

గలం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు), మళ్లీ గలం, ఈ మూడూ సూర్యగణాలు. ఆపైన రెండు రగణాలు (గురువు, లఘువు, గురువు), ఇవి ఇంద్రగణాలు. ‘వా’కు ‘ప’ యతి. సరిపోయింది. ఇదే భావాన్ని ఏఐ ‘వాన కురిసింది నేడు’ అని మొదలుపెడుతుంది. ‘కురిసిం’ రెండు లఘువులు, ఒక గురువు, అంటే సగణం. సూర్యగణాల్లో దానికి చోటు లేదు, రెండో అడుగులోనే పాదం విరిగింది. ఇంకో రకం తప్పు కంటికి ఆనదు. ‘నిండుగా పల్లెపై’ అని మాటలు అటూ ఇటూ మారిస్తే గణాలు చెక్కుచెదరవు, కానీ నాలుగో గణం ‘ని’తో మొదలై యతి పోతుంది. అడిగితే ‘యతి కుదిరింది’ అని ధీమాగా చెబుతుంది. నమ్మకండి.

గణ, యతి, ప్రాసల పరిశీలనకు ‘ఛందం’ అనే సాఫ్ట్‌వేర్ నెట్‌లో ఉంది. అది ఊహించదు, నియమం ప్రకారం లెక్కిస్తుంది, ఆ పనికి దాన్నే వాడండి. ఏఐని మాటల గంపగా వాడుకోవచ్చు: ‘వానకు సంబంధించి ప, బ, భ, వలతో మొదలయ్యే మాటలు 30 ఇవ్వు’ అనండి. వచ్చిన వాటిలో లేని మాటలు కొన్ని పుట్టించి కలుపుతుంది. ప్రతిదాన్నీ ఆంధ్రభారతి నిఘంటువులో చూసుకున్నాకే పద్యంలో పెట్టండి.

ప్రశ్న: పిల్లల కథల పుస్తకానికి ఏఐతో ముఖచిత్రం చేయించాను. పేరులో వత్తులు విరిగిపోయాయి, ప్రెస్సు వాళ్లు ‘క్లారిటీ లేదు’ అన్నారు. (విజయనగరం)

జవాబు: రెండూ వేరు వేరు తప్పులు. బొమ్మ గీసే ఏఐ అక్షరాన్నీ బొమ్మగానే గీస్తుంది. ఇంగ్లీషు ఇప్పుడు చాలావరకు సరిగా వస్తోంది, తెలుగు వత్తులు మాత్రం తరచూ చెదిరిపోతాయి. ‘అక్షరాలేవీ వద్దు, పై మూడోవంతు ఖాళీగా ఉంచు’ అని అడిగి, పేరు మీరు విడిగా వేసుకోండి. రామభద్ర, మల్లన్న, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో వత్తులు సరిగా పడతాయి. పాత ఫొటోషాప్‌లో విడిపోతుంటే టైపు సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ప్రెస్సులో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే వాడుతుంటే యూనికోడ్ పేరు అక్కడ చెడిపోతుంది, అందుకని అక్షరాలను కర్వులుగా (గీతల బొమ్మగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వండి.

క్లారిటీ సంగతి లెక్కే. డెమ్మీ సైజు 5.5 × 8.5 అంగుళాలు. కోతకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు వదిలి, అంగుళానికి 300 చుక్కల చొప్పున దాదాపు 1721 × 2621 పిక్సెళ్లు కావాలి. మీ దగ్గరున్నది 1024 × 1536 అయితే అది 3.4 × 5.1 అంగుళాలకే సరిపోతుంది. బొమ్మను పెద్దది చేసే అప్‌స్కేలర్‌తో రెండింతలు చేసి, అంచులు కత్తిరించుకోండి. పెంచాక వేళ్లు, కళ్లు దగ్గరగా చూడండి, అక్కడే వికారాలు బయటపడతాయి. తెరమీద మెరిసే చిలకపచ్చ, నీలం అచ్చు రంగుల పద్ధతి సీఎంవైకేలోకి మార్చగానే మసకబారతాయి. ఒక్క కాపీ వేయించి చూసుకున్నాకే వెయ్యికి ఆర్డరివ్వండి.

ఇంకోటి. ఏఐ బొమ్మలో ఒక్కోసారి పైట కుడి భుజాన వేస్తుంది, ముగ్గు అడిగితే రంగుల రంగోలీ గీస్తుంది. ‘పైట ఎడమ భుజం మీద, తెల్లటి చుక్కల ముగ్గు, పేడ అలికిన వాకిలి’ అని విడమరిచి చెప్పండి. పిల్లలు ముందు చూసేది బొమ్మే. వాళ్ల అమ్మమ్మ కట్టిన తీరులోనే అందులోనూ చీర ఉండాలి.

ప్రశ్న: ఏఐతో చేసిన పనికి కాపీరైటు నాకు వస్తుందా? (డాలస్)

జవాబు: మీరున్న అమెరికాలో మనిషి సృష్టించిన భాగానికే. 2023లో ఒక బొమ్మల నవల విషయంలో అక్కడి కాపీరైట్ ఆఫీసు మాటలకూ, కూర్పుకూ హక్కు ఉంచి, మిడ్‌జర్నీ అనే ఏఐ గీసిన బొమ్మలకు తీసేసింది. ప్రాంప్టు (ఏఐకి చెప్పే మాట) ఇచ్చినంత మాత్రాన సరిపోదని 2025 జనవరి నివేదికలో మళ్లీ చెప్పింది. భారతదేశంలో 1957 కాపీరైటు చట్టం సెక్షన్ 2(డి)(6) కంప్యూటర్ పుట్టించిన రచనకు, దాన్ని పుట్టించడానికి కారకుడైన వ్యక్తే కర్త అంటుంది. ఆ మాట 1994 సవరణలో చేరింది, అంటే నేటి ఏఐని ఊహించి రాసింది కాదు. కాబట్టి మీ చిత్తుప్రతులు, స్కెచ్‌లు, దిద్దిన దశలు తేదీలతో దాచుకోండి. సొంతంగా పుస్తకం వేసుకునే అమెజాన్ కేడీపీలో పుస్తకం పెడితే ఏఐ పుట్టించిన పాఠం, బొమ్మ, అనువాదం ఉంటే చెప్పి తీరాలి, తర్వాత మీరెంత దిద్దినా సరే. మీరు రాసినదాన్ని మెరుగుపరచుకోవడానికి వాడితే చెప్పనక్కర్లేదు. పత్రికలకు పంపేటప్పుడు మాత్రం ఏ పనికి వాడారో ఒక వాక్యంలో రాసి పంపండి.

ప్రశ్న: అచ్చుకాని నవలను ఏఐకి ఇవ్వొచ్చా? (వరంగల్)

జవాబు: ఇచ్చేముందు సెట్టింగుల్లో మీ సంభాషణలను శిక్షణకు వాడుకునే మీటను ఆపండి. కొన్నింటిలో అది ముందుగానే ఆన్‌లో ఉంటుంది. వేరొకరి రాతప్రతి మీ చేతికి పరిశీలనకు వస్తే, వాళ్లు సరేనంటే తప్ప ఒక్క పేజీ కూడా ఎక్కించకండి.