ఫాంటసీ నవలకి రీసెర్చ్ ఎందుకు, అంతా ఊహే కదా అన్నారు – వాలుగ చేప దవడ గురించి చెప్తాను

ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఫాంటసీ నవల రాసేవాళ్ళు రోజుకి ఎంతసేపు రాస్తారు, అంతా ఊహే అయినప్పుడు రీసెర్చ్ దేనికి, కథ మధ్యలో ఆగిపోతే ఎలా బయటపడతారు అని. నేను శ్రీకాకుళంలో ఉంటాను, హైస్కూల్లో బయాలజీ చెప్తాను, ఒక ఫాంటసీ నవల అచ్చయింది, రెండో భాగం ఇప్పుడు నడుస్తోంది. కాబట్టి నా అనుభవంలోంచే చెప్తాను.

మొదటిది తొందరగా చెప్పేస్తా. పొద్దున్న నాలుగున్నరకి లేస్తాను, ఐదుంపావు దాకా రాస్తాను, అంతే. ఆ తర్వాత పాలు, టిఫిన్లు, క్యారేజీలు, బస్సు. ఆ ముప్పావుగంటలో ఒక పేజీ వస్తే వచ్చినట్టు, రాకపోతే నిన్నటి పేజీనే మళ్ళీ రాస్తాను. పెన్నుతోనే రాస్తాను. రోజుకి రెండు వేల పదాలు రాయాలి అని వీడియోల్లో చెప్పేవాళ్ళకి ఇంట్లో వంట ఇంకెవరో చేసిపెడతారు, ఆ లెక్క చూసి మీరు దిగులు పెట్టుకోవద్దు. ఒక్క అలవాటు మాత్రం గట్టిగా చెప్తాను, రాసింది పైకి చదవండి, వినే మనిషి ఎదురుగా ఉండాలి. నేను సాయంత్రం మా అత్తగారికి చదివి వినిపిస్తాను. ఆవిడ బడికెళ్ళలేదు కానీ చిన్నప్పుడు రాత్రంతా జముకు వాయిస్తూ పాడి చెప్పే జముకుల కథలు విని పెరిగిన మనిషి. చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ వింటారు. చెయ్యి ఆగిందంటే కథ పట్టుకున్నట్టు, చెయ్యి గబగబా ఆడుతోందంటే ఆ పేజీ కొట్టేయాల్సిందే. ఏ ఎడిటరూ నాకు ఇంత నిక్కచ్చిగా చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నా నవల్లో ఒక నేతగత్తె ఉంది. వెన్నెలని పట్టి బట్ట నేస్తుంది, ఆ బట్ట కప్పుకున్నవాళ్ళు ఎవరికీ కనపడరు. మొదట రాసినప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుంటుంది, వేళ్ళు కదుపుతుంది, బట్ట తయారవుతుంది. చాలా అందంగా రాశాననుకున్నాను. పంతొమ్మిదో అధ్యాయంలో శత్రువులు కోటని చుట్టుముట్టేశారు, జనం ఆకలితో ఉన్నారు, రాణి ఏడుస్తోంది. అక్కడిదాకా చదివేసరికి మా అత్తగారు చిక్కుడుకాయ పక్కన పెట్టి "అది కాదే తల్లీ, ఆ నేతదానికి అంత సులువుగా వచ్చీస్తే సైన్యానికంతటికీ నేసీమను, అందరూ కప్పుకుని బయటికెల్లిపోతారు, ఇంకేటి కష్టం వాళ్ళకి?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆ మాటకి నవల నాలుగు నెలలు ఆగిపోయింది. ఏదో ఒక శాపం పెట్టేద్దామనుకున్నాను, ఎవరో ఋషి వచ్చి ఏడాదికి ఒక్కటే నెయ్యాలి అని చెప్పాడనుకుందామా అనుకున్నాను, ఏది పెట్టినా అతుకు అతుకులాగే కనపడింది. ఫాంటసీ రాసేవాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట తగిలే గోడ ఇదే అని నా నమ్మకం. మాయ ఎంత గొప్పదో రాయడం ఎవరికైనా వస్తుంది, ఆ మాయ ఎక్కడ ఆగిపోతుందో, ఎవరి ఒళ్ళు నొప్పి పెడితే జరుగుతుందో రాయడం దగ్గరే అందరూ బోల్తా పడతారు.

ఆ మే నెలలో నాన్నగారికి పుట్టినరోజుకి పంచెల చాపు కొందామని పొందూరు వెళ్ళాను. పక్కూరే, పుట్టిన దగ్గర్నుంచి ఖద్దరు ఖద్దరు అని వింటూనే ఉన్నాను, ఒక్కసారి కూడా వాళ్ళు పని చేస్తుంటే చూడలేదు, దీనికి నేను ఇప్పటికీ బాధపడతాను. తెలిసినవాళ్ళు ఒక ఇంటికి తీసుకెళ్ళారు. అరుగు మీద ఒక మామ్మ కాలు చాపుకుని కూర్చుంది, ఒళ్ళో పత్తి, చేతిలో చిన్న పుల్లకి కట్టిన ఎముక ముక్క. గింజతో ఉన్న పత్తిని ఎడం చేతి వేళ్ళ మధ్య పట్టుకుని దాంతో దువ్వుతోంది, మనం చంటిపిల్లకి తల దువ్వినట్టు, ఒత్తకుండా, ఒకే వైపుకి. దువ్వుతున్నకొద్దీ నలక, తుక్కు, ఆకు పొడి ఒళ్ళో రాలిపోతోంది, పోచలన్నీ విడివిడిగా సాపుగా నిలబడుతున్నాయి, చివరికి గింజ చుట్టూ తెల్లటి వెంట్రుకల కుచ్చులాగా తయారయింది. చెవి దగ్గర పెట్టి వింటే తప్ప వినపడనంత చిన్న చప్పుడు.

"ఏటి మామ్మా అది?" అన్నాను.

"వాలుగ సేప దవడమ్మా."

నేను ఇన్నేళ్ళుగా బళ్ళో చేపల పాఠం చెప్తున్నాను. వాలుగంటే మీసాల చేప జాతి, ఇంత వెడల్పు నోరు, దవడ నిండా వరసలు వరసలుగా సన్నటి పళ్ళు, ఇవన్నీ బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన దాన్ని. మా ఇంట్లో వాలుగ పులుసు వండుతాం, తలలు ఎన్ని పారేసి ఉంటానో. మామ్మ ఆ దవడ నా చేతిలో పెట్టింది. వేలితో ముందుకి రాస్తే నున్నగా జారింది, వెనక్కి రాస్తే పిల్లి నాలుక తగిలినట్టు పట్టుకుంది. ఇనప దువ్వెన పెట్టుకోవచ్చు కదా అని అడిగాను. నవ్వింది. "ఇనపదైతే పోగు తెగిపోద్ది తల్లీ. ఇదైతే తుక్కునే పడతాది, పత్తినొగ్గీసిద్ది" అంది. పళ్ళు అరిగిపోతే ఏం చేస్తావంటే ఇంకో దవడ కట్టుకుంటానంది. ఎన్నాళ్ళు చేస్తావీ పని అంటే కొంచెంసేపు మాట్లాడలేదు, దువ్వుతూనే ఉంది, తర్వాత "కంటి సూపున్నన్నాళ్ళే" అంది.

అక్కడే నా పంతొమ్మిదో అధ్యాయం విడిపోయింది. నిజంగా, అక్కడ అరుగు మీదే, చేతిలో ఆ ఎముక ఉండగానే.

ఆ దువ్వడం అయ్యాక గింజ తీయాలి, విల్లుతో ఏకి దూదిని విప్పాలి, ఆ దూదిని సన్నటి ఏకులుగా చుట్టాలి, అప్పుడు రాట్నం మీద వడకాలి. పక్క గదిలో ఏకుల్ని ఎండిన అరటి దొప్పలో దాచిపెట్టి, ఒక్కొక్కటి తీసుకుని వడుకుతున్నారు. అక్కడ వడికేది వందో నంబరు నూలు, అంటే బాగా సన్నటి పోగు, కంటికి ఆనదు, వెలుగులోకి ఎత్తి చూస్తే తప్ప పోగు ఉందో లేదో తెలీదు. వెన్నెలతో బట్ట నేసే మనిషి కోసం నేను ఎక్కడెక్కడో వెతుక్కున్నాను, ఆవిడ మా ఊరికి బస్సు దూరంలో కూర్చుని ఉంది.

ఇంటికొచ్చి ఆ రాత్రి పడుకోలేదు. నేతగత్తెకి ఒక చేప దవడ ఇచ్చాను. ఆ చేప వరద నెలల్లోనే ఏరు ఎక్కి వస్తుంది, చంపితే దాని పళ్ళు వెన్నెలని పట్టవు, దానంతటది ఒడ్డున చచ్చిపోతేనే పడతాయి. ఒక దవడతో ఏడు గుప్పిళ్ళ వెన్నెల దువ్వొచ్చు, ఆ తర్వాత పళ్ళు అరిగిపోతాయి. ప్రతి బట్టకీ నేతగత్తె చూపు కొంచెం తగ్గుతుంది. ఇప్పుడు రాణి దగ్గర ఒక్క బట్ట ఉంది, కోటలో మూడు వేల మంది ఉన్నారు, నేతగత్తెకి ఇంకొక్క బట్ట నేసే చూపు మిగిలింది. మా అత్తగారికి చదివితే చిక్కుడుకాయలు మర్నాటిదాకా అలాగే ఉండిపోయాయి.

వచ్చేటప్పుడు మామ్మని ఈ పని ఇంట్లో ఇంకెవరికొచ్చు అని అడిగాను. "నాతోనే ఆఖరు. మనవరాలు విశాఖపట్నం పోనాది, బట్టల షాపులో సేస్తంది" అంది. పోనీ ఆ పిల్ల తప్పుందా అంటే లేదు, రోజంతా దువ్వి వడికితే వచ్చే డబ్బులకి ఇల్లు గడవదు. పండగలకి ఖద్దరు కట్టుకుని ఫోటోలు దిగే పెద్దమనుషులు ఆ కూలి ఎంతో ఒకసారి అడిగితే బాగుంటుంది. ఇది ప్రశ్నకి సంబంధం లేని మాట అనుకోవచ్చు, నాకు మాత్రం సంబంధం ఉంది, ఎందుకంటే ఆ పని పోతే నాలాంటివాళ్ళు ఊహించడానికి కూడా ఏమీ మిగలదు.

అందుకే రీసెర్చ్ ఎందుకంటే నేను చెప్పేది ఒకటే, లేనిదాన్ని నమ్మించాలంటే ఉన్నదాన్ని ముట్టుకుని చూడాలి. యూరప్ కోటలు, మంచు, పొగలు కక్కే డ్రాగన్లు పెట్టి రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, మంచు ఒక్కసారి కూడా చూడని వాళ్ళు మంచులో గుర్రాలు పరిగెత్తిస్తారు. పేర్లు కూడా అంతే, నాలుక తిరగని పేర్లు. మన దగ్గర వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా, వేగావతి, చంపావతి అని ఇన్ని నదులు పారుతున్నాయి, ఇంతకన్నా మంచి పేర్లు ఏ రాజ్యానికి దొరుకుతాయి?

నా నవల్లో ఒక ఉత్సవం ఉంది, చింతమాను చివర పీట మీద పూజారిని కూర్చోబెట్టి, దాన్ని గాల్లోకి లేపి ఊరేగిస్తారు. చదివిన ఒకాయన ఇది మరీ అతిగా ఉంది, నమ్మబుద్ధి కావట్లేదు అని రాశాడు. ఆయనకి నేను చెప్పింది, దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరం రండి అని. పైడితల్లి అమ్మవారి సిరిమాను అదే, దాదాపు 60 అడుగుల మాను, దాని చివర పూజారి, మూడు లాంతర్లు అనే కూడలి దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. అమ్మవారు కలలోకొచ్చి మాను ఎక్కడుందో పూజారికి చెప్తుందంటారు. నేను కల్పించింది అందులో ఒక్క ముక్క లేదు.

దూరాలు కూడా నడిచి చూడాలి. ఒక అధ్యాయంలో సైన్యం సముద్రం ఒడ్డు నుంచి ఏటి గట్టునే ఒక కొండకి పూట తిరక్కుండా చేరిపోవాలి. నేనూ మా తమ్ముడి కొడుకూ కళింగపట్నం నుంచి శాలిహుండం నడిచాం, వాడి భుజాన పది కేజీల బియ్యం సంచి పెట్టాను. ఇసుకలో మొదటి అరగంటకే వాడు భుజం ఎన్నిసార్లు మార్చాడో. కొండెక్కి పైన బౌద్ధ స్తూపాల దగ్గర కూర్చునేసరికి "అత్తా, కత్తి కూడా ఉంటే నేను యుద్ధం చెయ్యను" అన్నాడు. ఆ మాట అలాగే ఒక సిపాయి నోట్లో పెట్టాను, ప్రయాణం రెండు రోజులు చేశాను.

ఇంక భాష. దీని మీద నాకు చాలా కోపం ఉంది. మొదటి నవల పట్టుకుని ఒక ప్రచురణకర్త దగ్గరికెళ్తే, కథ బాగుందండీ కానీ రాణి "ఏటి", "ఎల్లిపోనాడు" అంటే ఎలాగ, ఈ యాస పనివాళ్ళకి ఉంచి రాజులకి మంచి తెలుగు పెట్టండి అన్నాడు. మంచి తెలుగు! మా రాణి మా నేల మీద పుట్టింది, మా భాషే మాట్లాడుతుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1863లో పుట్టింది ఇక్కడే, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో. ప్రతి ఆగస్టు 29న బళ్ళల్లో ఆయన ఫోటోకి దండ వేస్తాం, మర్నాడు పిల్ల "ఏటి టీచర్" అంటే సరిగ్గా మాట్లాడు అని కసురుతాం. నేనూ కసిరాను ఒకప్పుడు, ఇప్పుడు కసరను. ఆ ప్రచురణకర్తకి పుస్తకం ఇవ్వలేదు, సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకున్నాను. ఆ డీటీపీలో ఫాంటు మార్చినప్పుడల్లా ఒత్తులు ఎగిరిపోయి మూడు ప్రూఫులు నేనే దిద్దుకున్నాను, అదింకో కథ.

గిడుగువారిదే ఇంకో సంగతి, ఆయన కొండల్లో సవరలనే గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాచకాలు రాసి, నిఘంటువు చేశారు. ఫాంటసీ రాసేవాళ్ళు రాక్షసులకో అడవి మనుషులకో ఒక భాష కావాలంటే కొండవాళ్ళ మాటలు నాలుగు వంకర తిప్పి పెట్టేస్తున్నారు. దయచేసి అది చెయ్యకండి. ఆ మాటల్లో ఎవరో వాళ్ళమ్మని పిలుచుకుంటున్నారు. నా నవల్లో కొండ జనం వేరే భాష మాట్లాడతారు, కానీ ఆ మాటలు నేను పేజీ మీద పెట్టలేదు, విన్నవాడికి ఎలా వినిపించిందో అంతవరకే రాశాను.

కథ ఆగితే ఏం చేస్తారన్నారు కదా, కాగితం ముందు కూర్చుని తల పట్టుకోవడం మానేసి ఎవరి చేతులైనా పని చేసే చోటికి వెళ్తాను. ఇప్పుడు రెండో భాగం కూడా ఆగి ఉంది. అందులో ఒక వీణ ఉంది, దాన్ని చేసినవాడు ఎందుకు దాచేశాడో నాకు తెలియట్లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగలోంచి మొత్తం వీణ చెక్కుతారు, అతుకుండదు. ఈ ఆదివారం వెళ్తున్నాను. నెలంతా చెక్కాక ఆఖర్న దుంగ లోపల బీట కనపడితే ఆ వీణని ఏం చేస్తారని అడగాలి, పొయ్యిలో పెడతారా, ఇంట్లో ఉంచుకుంటారా, దాన్ని ఎవరైనా ఒక్కసారైనా వాయిస్తారా అని.