కిలోలు తగ్గాయి, చలి పట్టుకుంది

పాఠకుల ప్రశ్నలు – వైద్య, పోషకాహార నిపుణుల జవాబులు

ప్రశ్న: నా వయసు 34, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఏడు నెలల్లో 78 కిలోల నుంచి 61కి వచ్చాను. అప్పటి నుంచీ ఒకటే చలి. మా ఆఫీసు హైటెక్ సిటీలో. ఏసీ 23లో ఉంటే అందరూ మామూలుగానే ఉంటారు, నేను మాత్రం శాలువా కప్పుకుని కూర్చుంటాను. వేళ్లు, అరికాళ్లు ఎప్పుడూ చల్లగానే ఉంటున్నాయి. జుట్టు కూడా రాలుతోంది. పొద్దున మజ్జిగ కలిపిన రాగిజావ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కప్పు పప్పు, కూర, కాస్త పెరుగు, సాయంత్రం టీతో గుప్పెడు మరమరాలు, రాత్రి ఏడులోపు మొలకలు, ఒక పండు. ఇదీ నా తిండి. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 2.8 వచ్చింది, నార్మలే అన్నారు. కొవ్వు కరిగింది కాబట్టి ఇక చలి ఇంతేనని మా ఇంట్లోవాళ్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: సగమే నిజం. చర్మం కింది కొవ్వు ఒంట్లోని వేడిని బయటికి పోనివ్వదు. అది పలచబడితే వేడి త్వరగా పోతుంది. 78 కిలోల ఒళ్లు కూర్చున్న చోటే పుట్టించే వేడి కన్నా 61 కిలోల ఒళ్లు పుట్టించేది తక్కువ కూడా. కానీ 61 కిలోలంటే మీ ఎత్తుకు తక్కువ బరువేమీ కాదు. మొదటి నుంచీ అదే ఎత్తు, అదే బరువు ఉన్నవాళ్లు అదే ఏసీలో హాయిగా పని చేసుకుంటున్నారు కదా! కాబట్టి నేరమంతా కరిగిన కొవ్వు మీద వేయలేం. అసలు సంగతి మీ కంచంలో ఉంది.

మీరు రాసిన తిండిని పోపులో నూనెతో సహా లెక్కేస్తే 900 కేలరీలు దాటడం కష్టం. మీ వయసుకు, ఎత్తుకు, ఈ బరువుకు రోజంతా మంచం దిగకపోయినా సుమారు 1250 కేలరీలు ఖర్చవుతాయి. ఆఫీసు పని, ఇంటి పని కలిపితే 1700 దగ్గరికి వెళుతుంది. ఇంత లోటు నెలల తరబడి సాగితే ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. థైరాయిడ్ గ్రంథి వదిలే టీ4ను అసలు పనిచేసే టీ3గా మార్చుకోవడం తగ్గిస్తుంది. చేతులు, కాళ్లలోని సన్నటి రక్తనాళాలను బిగించి, ఉన్న వేడిని గుండె, కాలేయం లాంటి అవయవాలకు దాచిపెడుతుంది. వేళ్లు, అరికాళ్లు ముందు చల్లబడేది అందుకే. జుట్టు రాలడమూ ఈ పొదుపులో భాగమే.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు తిండి సగానికి తగ్గించి గమనించారు. వాళ్ల బరువు నాలుగో వంతు తగ్గింది. వాళ్లు పదేపదే చెప్పుకున్న బాధల్లో చలి ఒకటి. ఎండాకాలంలోనూ దుప్పటి కావాలన్నారు.

టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉన్నా చలి ఉండటానికి కారణం కూడా ఇదే. తిండి తగ్గినప్పుడు పడిపోయేది టీ3. టీఎస్‌హెచ్ చాలామందిలో కదలదు. అలాగని థైరాయిడ్ మాత్ర వేసుకుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. గ్రంథి బాగానే ఉంది, ఒళ్లే కావాలని వేగం తగ్గించింది. పైనుంచి మాత్ర వేస్తే గుండె దడ, కండ, ఎముక బలం తగ్గడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

మరి ఏం చేయాలి? బరువు తగ్గే ప్రయత్నానికి రెండు, మూడు నెలలు విరామం ఇవ్వండి. తిండిని ఒక్కసారిగా కాకుండా వారానికి 150 కేలరీల చొప్పున పెంచుకుంటూ 1600 దాటించండి. మొదటి వారం జావ పక్కన ఒక ఉడికించిన గుడ్డు, చిన్న పెసరట్టు చేర్చండి. రెండో వారం మధ్యాహ్నం ఒక జొన్నరొట్టె లేదా ముప్పావు కప్పు అన్నం ఎక్కువ తినండి. పప్పు పలచటి నీళ్లలా కాక గట్టిగా ఉండాలి. మూడో వారం మరమరాలు తీసేసి 30 గ్రాముల వేయించిన పల్లీలు పెట్టుకోండి, వాటితోనే 170 కేలరీలు, 7 గ్రాముల ప్రొటీన్ వస్తాయి. నాలుగో వారం నుంచి రాత్రి మొలకలతో పాటు రెండు పుల్కాలు, పనీరు కూర. మాంసాహారులైతే 100 గ్రాముల చికెన్. అక్కడి నుంచి ఆకలిని బట్టి గ్లాసు పాలో, మరో రొట్టెనో.

ప్రొటీన్ గురించి విడిగా చెప్పాలి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. మీకు అది 50 గ్రాములు. బరువు తగ్గించుకుంటున్నవాళ్లకు కండ కరగకుండా ఉండాలంటే కిలోకు 1.2 గ్రాముల దాకా, అంటే 70 పైన అవసరం. మీకు ఇప్పుడు అందుతున్నది 30 గ్రాములే. ఇలా తగ్గిన 17 కిలోల్లో కొవ్వుతో పాటు కండ కూడా పోయి ఉంటుంది. వణికినప్పుడు వేడి పుట్టించేది ఆ కండే. ఇంకో లాభమూ ఉంది. ప్రొటీన్ ద్వారా వచ్చే కేలరీల్లో 20 నుంచి 30 శాతం దాన్ని అరిగించుకోవడంలోనే వేడిగా మారతాయి. పిండి పదార్థాల్లో అది 5 నుంచి 10 శాతమే. వారానికి రెండు, మూడు రోజులు బరువులతో వ్యాయామం చేయండి. జిమ్ లేకపోతే కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు పుషప్‌లు, నీళ్ల సీసాలు ఎత్తడంతో మొదలుపెట్టినా చాలు.

ఒక హెచ్చరిక. తిండి పెంచిన మొదటి రెండు వారాల్లో కిలో, ఒకటిన్నర కిలో పెరగొచ్చు. అది కొవ్వు కాదు. కండల్లో నిల్వ చేరే ప్రతి గ్రాము గ్లైకోజెన్ (పిండి పదార్థాల నిల్వ రూపం) తనతో సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఇక్కడే చాలామంది కాటా చూసి బెదిరి మళ్లీ జావకు దిగిపోతారు, చలి మళ్లీ మొదటికొస్తుంది.

ఈలోగా రక్త పరీక్షలు చేయించుకోండి. సీబీపీ (రక్తకణాల పరీక్ష), ఒంట్లోని ఐరన్ నిల్వలు చెప్పే ఫెర్రిటిన్, బీ12, టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4. స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువైతే రక్తహీనత. అది 12.2 ఉందని ఊరుకోవద్దు, ఫెర్రిటిన్ చూడాలి. 15 లోపు ఉంటే ఐరన్ నిల్వలు ఖాళీ అయినట్టే. 30 లోపున్నా లక్షణాలుంటే డాక్టర్లు మాత్రలు రాస్తారు. ఐరన్ తగ్గితే కండలకు ఆక్సిజన్ చాలదు, వేడి పుట్టదు. జుట్టు రాలడానికీ అదొక కారణం. సీబీపీ, థైరాయిడ్ లాంటి పరీక్షలకు బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ల్యాబ్‌లో ఉచితంగా చేస్తారు. భోజనం అయిన వెంటనే టీ మానండి, కనీసం గంట ఆగండి. పప్పు, ఆకుకూర తిన్నప్పుడు నిమ్మరసం పిండుకుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది.

తిండి సరిపోతుంటే చలి కొన్ని వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది. ఐరన్ లోటైతే రెండు, మూడు నెలలు పడుతుంది. జుట్టు అన్నిటికన్నా ఆలస్యం. నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా ఇంట్లో సర్దుకుపోవద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. డైటింగ్ ఏమీ చేయలేదు. ఐదు నెలల్లో 72 నుంచి 63 కిలోలకు వచ్చారు. ఏప్రిల్ ఎండల్లోనూ రగ్గు కావాలంటున్నారు. రాత్రి కాళ్ల దగ్గర వేడినీళ్ల బ్యాగు పెడుతున్నాం. సన్నబడటం మంచిదే కదా అని బంధువులంటున్నారు.
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: ఇది మంచిది కాదు. పై ప్రశ్నకూ దీనికీ పోలికే లేదు. ప్రయత్నం లేకుండా ఆరు నుంచి పన్నెండు నెలల్లో 5 శాతం బరువు తగ్గినా కారణం వెతకాలి. మీ నాన్నగారు ఐదు నెలల్లోనే 12 శాతం పైగా తగ్గారు. ఈ వారమే ఫిజీషియన్‌కు చూపించండి.

షుగర్ అదుపు తప్పిందా, టీబీ ఉందా, క్యాన్సర్ లాంటిదేమైనా దాగి ఉందా, కిడ్నీ, కాలేయం ఎలా ఉన్నాయి అన్నవి ముందు తేల్చాలి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట సన్నటి జ్వరం, రాత్రి చెమటలు ఉంటే కళ్లె పరీక్ష తప్పనిసరి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఇక్కడో మెలిక ఉంది. జ్వరం ఎక్కబోయే ముందు చలి వేస్తుంది. అందుకే ‘చలి’ అన్నప్పుడల్లా థర్మామీటర్ పెట్టి రాసిపెట్టండి. టీ, నీళ్లు తాగాక అరగంట ఆగి నాలుక కింద పెట్టాలి. ఒక వారం రాసిన కాగితం డాక్టర్‌కు ఎంతో పనికొస్తుంది. 35 డిగ్రీల సెల్సియస్, అంటే 95 ఫారెన్‌హీట్ కన్నా తక్కువ చూపిస్తే ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. నిలబడితే బీపీ పడిపోవడం, చర్మం నల్లబడటం ఉంటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి పరీక్ష అడగండి. థైరాయిడ్ ఎక్కువైనా బరువు తగ్గుతుంది గానీ అప్పుడు ఉక్కపోతే ఉంటుంది, చలి కాదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, అదీ చూడాలి. బీపీకో గుండెకో అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడుతుంటే వాటివల్లా చేతులు, కాళ్లు చల్లబడతాయి. మాత్రల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి.

ఆ వేడినీళ్ల బ్యాగు ఈ రాత్రి నుంచే మానేయండి. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, అప్పుడు కాలుతున్నా తెలియదు. పొద్దున లేచేసరికి బొబ్బ, అక్కడి నుంచి మానని పుండు. వదులుగా ఉండే నూలు సాక్సులు వేయండి. పడక మీద ముందుగా బ్యాగు పెట్టి, పడుకునే ముందు తీసేస్తే తప్పులేదు.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా 100 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. 14 కిలోలు తగ్గాక చలి ఎక్కువైంది. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్ర ఇచ్చారు, రెండూ పొద్దున్నే పరగడుపున వేసుకుంటున్నాను. జుట్టుకు బయోటిన్ విటమిన్ కూడా. థైరాయిడ్ డోసు పెంచమంటారా?
– ఒక గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పెంచొద్దు. ఈ మాత్ర మోతాదు చాలావరకు బరువును బట్టి ఉంటుంది. బరువు తగ్గితే డోసు తగ్గించాల్సి రావచ్చు గానీ పెంచాల్సి రావడం అరుదు. మీ విషయంలో అనుమానం ఐరన్ మీద. రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ థైరాయిడ్ మందును పట్టేసి ఒంటబట్టనివ్వదు. మింగుతున్నది 100 అయినా అందేది తక్కువ. థైరాయిడ్ మాత్ర లేవగానే మామూలు నీళ్లతో, టిఫిన్‌కు, కాఫీకి అరగంట నుంచి గంట ముందు. ఐరన్, క్యాల్షియం మాత్రలకు కనీసం నాలుగు గంటల ఎడం. ఐరన్ సాయంత్రానికి మార్చుకోండి.

ఇలా మార్చాక 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చేయించండి, అంతకన్నా ముందు చేయిస్తే అంకె స్థిరపడదు. బయోటిన్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందే ఆపాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో తప్పుడు అంకెలు చూపించి, లేని థైరాయిడ్ జబ్బును ఉన్నట్టు చేస్తుంది. డోసు నిర్ణయం ఆ రిపోర్టు చూసి మీ డాక్టర్ చేస్తారు.

ప్రశ్న: బరువు తగ్గడం కోసం వారానికోసారి ఇంజెక్షన్ తీసుకుంటున్నాను. ఆకలి లేదు, ఒక్కపూటే తింటున్నా. చలిగా ఉంటోంది. ఇంజెక్షన్ మానేయాలా?
– ఒక పాఠకుడు, మణికొండ

జవాబు: మీ అంతట మీరు మానొద్దు. చలి ఇంజెక్షన్ నుంచి కాదు, ఒక్కపూట తిండి నుంచి వచ్చే అవకాశమే ఎక్కువ. ఆకలి వేసేదాకా ఎదురుచూస్తే ఈ మందుతో ఆ ఆకలి రాదు. గడియారం చూసి మూడు పూటలా కొంచెం కొంచెంగా తినండి. కంచంలో మొదట గుడ్డో, చేపో, పప్పో, పెరుగో తిని, తర్వాతే అన్నం ముట్టండి. వారానికి కిలో కన్నా వేగంగా తగ్గుతుంటే డోసు పెంచే తేదీ వాయిదా వేయమని డాక్టర్‌ను అడగండి.

ప్రశ్న: సన్నబడ్డాక చలికి ఓర్చుకోలేకపోతున్నాను. రాత్రి రెండు పెగ్గులు బ్రాందీ వేస్తే ఒళ్లు వేడెక్కుతుందని స్నేహితులు చెబుతున్నారు. పొద్దున ఆరింటికి బైకు మీద పటాన్‌చెరు వెళ్లాలి.
– ఒక పాఠకుడు, బీహెచ్ఈఎల్

జవాబు: బ్రాందీ చర్మంలోని రక్తనాళాలను తెరుస్తుంది. వెచ్చగా అనిపించేది లోపలి వేడి బయటికి పోతున్నందుకే. గంట తర్వాత ఇంకా చలి.

పటాన్‌చెరు వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల దాకా దిగుతుంది, పైగా బైకు గాలి. ఖాళీ కడుపుతో బయల్దేరకండి, వేడి ఉప్మానో రెండు ఇడ్లీలో తినండి. ఒక మందపాటి స్వెట్టర్ కన్నా ఒంటికి అంటిన బనియను, దాని మీద పలచటి ఉన్ని, పైన గాలి చొరబడని జాకెట్ మేలు. స్వెట్టర్‌లోంచి గాలి దూసుకుపోతుంది. జాకెట్ లేని రోజు రెయిన్‌కోటు వేసుకున్నా పని జరుగుతుంది. తల తడిగా ఉండగా హెల్మెట్ పెట్టొద్దు. గ్లవుజులు బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి, ఒక సైజు వదులుగా కొనండి. చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి, నీలంగా మారి, వేడి తగలగానే ఎర్రబడి మంటపుడుతుంటే అది మామూలు చలి కాదు, రేనాడ్స్ అనే రక్తనాళాల సమస్య కావచ్చు. అలా జరిగినప్పుడు ఫోన్‌లో ఫొటో తీసుకుని రుమటాలజిస్టుకు (కీళ్లవాత నిపుణులకు) చూపించండి. క్లినిక్‌కు వెళ్లేసరికి రంగు మామూలైపోతుంది. సిగరెట్ అలవాటుంటే అది ముందు మానాలి, నికోటిన్ ఆ నాళాలనే బిగిస్తుంది.